యాక్సిడెంట్ తర్వాత మళ్లీ స్పోర్ట్స్ బైక్: నెక్ చూశాకే ఇంజిన్

యాక్సిడెంట్‌లో బైక్ పోయినవాళ్లలో చాలామంది మళ్లీ కొత్తది కొనలేరు. ఇన్సూరెన్స్ నుంచి వచ్చేది కొత్తదానికి చాలదు, కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో వెతుకుతారు. చిక్కంతా అక్కడే ఉంది. బైక్ టోటల్ లాస్ (రిపేరు దండగని ఇన్సూరెన్స్ కంపెనీ తేల్చడం) కింద పోయిందంటే తుక్కులో కలిసిపోయిందని కాదు. దాన్ని వేలంలో ఎవరో కొంటారు. ఫైబర్ మార్చి, పెయింట్ వేసి, 'సింగిల్ ఓనర్, షోరూమ్ కండిషన్' అని బజార్లో పెడతారు. అలా తిరిగొచ్చిన బైకే ఇప్పుడు మీరు చూడబోయేది కావచ్చు.

కొనేవాళ్లు మామూలుగా ఏం చేస్తారు? సెల్ఫ్ కొట్టి, యాక్సిలరేటర్ రెండుసార్లు తిప్పి, సౌండ్ బాగుందంటారు. ఇంజిన్‌లో తేడా ఉంటే డబ్బు పెడితే బాగవుతుంది. చాసిస్ నెక్, అంటే బైక్ ఫ్రేమ్‌లో హ్యాండిల్ తిరిగే గొట్టం, వంగిన బైక్‌కు ఎంత పెట్టినా 100 స్పీడ్‌లో నమ్మకం రాదు. కాబట్టి ముందు చాసిస్, ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు గొట్టాలు), చక్రాలు. ఆ తర్వాత ఇంజిన్. కాగితాలు చివర్న.

ముందు పాత బైక్ లెక్క తేల్చుకోండి

క్లెయిమ్ ఎంత వస్తుందో తెలియకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. పాలసీలో రాసిన ఐడీవీయే (బైక్‌కు కంపెనీ కట్టిన విలువ) గరిష్ఠ మొత్తం. బైక్ వయసును బట్టి అది తగ్గుతూ వస్తుంది: ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, ఐదేళ్ల లోపు 50. షోరూమ్ ధర 1,80,000 ఉన్న బైక్‌కు రెండేళ్లు దాటాక పాలసీ రెన్యువల్ చేస్తే ఐడీవీ సుమారు 1,26,000. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే, అంటే ఇక్కడ 94,500 దాటితే, కంపెనీ దాన్ని టోటల్ లాస్‌గా లెక్కిస్తుంది.

స్పోర్ట్స్ బైక్‌కు ఆ గీత దగ్గరకు రావడం తేలిక. హెడ్‌లైట్, వైజర్, రెండు పక్కల ఫైబర్లు, రేడియేటర్, ఫోర్కులు, ముందు అల్లాయ్ కలిపితే మొత్తం ఎక్కడికో పోతుంది. ఎస్టిమేట్ గీతకు కొంచెం కిందే ఆగితే అసలు తలనొప్పి మొదలవుతుంది. జీరో డెప్ (అరుగుదల కోత లేకుండా ఇచ్చే అదనపు కవర్) లేని పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీకి 50 శాతం కోత పడుతుంది. 20 వేల ఫైబర్లలో 10 వేలు మీ జేబు నుంచే. ఇనుప భాగాలకు కోత బైక్ వయసును బట్టి ఉంటుంది. మళ్లీ స్పోర్ట్స్ బైకే కొంటుంటే పాలసీలో జీరో డెప్ తప్పకుండా వేయించుకోండి. మామూలు బైక్‌కు అది ఉన్నా లేకున్నా నడుస్తుందేమో గానీ, ఒళ్లంతా ప్లాస్టిక్ ఉన్న బైక్‌కు నడవదు.

ఇన్సూరెన్స్ కంపెనీ సర్వేయర్ రాకముందు రిపేరు మొదలుపెట్టనివ్వకండి. పైపైన చూసి రాసిన ఎస్టిమేట్‌తో సరిపెట్టుకోకుండా, ఫైబర్లు విప్పి, ఫోర్కులు తీసి, నెక్ చూశాకే లిస్టు పూర్తి చేయమని అడగండి. చాసిస్ బెండ్ అయిందని సర్వే రిపోర్టులో పడకపోతే తర్వాత అడిగినా ఇవ్వరు. వర్క్‌షాప్ వాళ్లు 'బెండ్ తీయిస్తాం, ఏం కాదు' అంటే ఒప్పుకోకండి, చాసిస్ మార్చమనండి. మార్చిన చాసిస్ నంబరు ఆర్టీఏలో ఆర్‌సీ మీద ఎక్కాలి. లేకపోతే రేపు ఆ బైక్ అమ్మేటప్పుడు మీరే ఇరుక్కుంటారు.

టోటల్ లాస్ అయితే లోన్ ఉన్నవాళ్లకు డబ్బు ముందు ఫైనాన్స్ కంపెనీకి పోతుంది, మిగిలిందే మీకు. దెబ్బతిన్న బైక్ ఎవరి పేరు మీదకు వెళ్లిందో కాగితం తీసుకోండి. ఓనర్ పేరు మార్పుకు వాడే ఫారం 29, 30 ఖాళీగా ఉండగా వాటి మీద సంతకాలు పెట్టి బ్రోకర్ చేతిలో పెట్టొద్దు. ఆర్‌సీలో పేరు మారేంత వరకు ఆ బండికి రిజిస్టర్డ్ ఓనర్‌దే బాధ్యత అని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మీరు అమ్మేసిన బైక్‌తో ఎవడో ఎవరినో గుద్దితే నోటీసు మీ ఇంటికే వస్తుంది. బైక్ ఇక రోడ్డెక్కదని తేలితే ఆర్టీఏకు 14 రోజుల్లో తెలిపి ఆర్‌సీ రద్దు చేయించుకోవాలి.

ఏ బైక్

ఇది మీ ఒళ్లు చెప్పే జవాబు కూడా. మణికట్టు, కాలర్ బోన్ విరిగి అతికినవాళ్లకు కిందకు వంచిన క్లిప్-ఆన్ హ్యాండిల్ పగతీర్చుకున్నట్టే ఉంటుంది. బ్రేక్ వేసిన ప్రతిసారీ ఒంటి బరువంతా మణికట్ల మీదే పడుతుంది. అలాంటివాళ్లకు యమహా ఆర్15 వీ3, వీ4, కేటీఎం ఆర్‌సీ 390 కంటే సుజుకి జిక్సర్ ఎస్‌ఎఫ్ 250, కవాసాకి నింజా 300 నయం. వీటిలో హ్యాండిల్ కొంచెం ఎత్తులో ఉంటుంది, నడుము నిటారుగా ఉంటుంది. డాక్టర్ సరే అన్నాకే టెస్ట్ రైడ్‌కు వెళ్లండి. ఒక గంట నడిపి చూడండి, పది నిమిషాల్లో ఏ బైకైనా బాగానే ఉంటుంది.

రెండో ప్రశ్న ఏబీఎస్, గట్టిగా బ్రేక్ వేసినా చక్రం లాక్ కాకుండా చూసే ఏర్పాటు. 125 సీసీ దాటిన కొత్త బైక్‌లన్నిటికీ 2019 ఏప్రిల్ 1 నుంచి అది తప్పనిసరి. అంతకు ముందువాటిలో చూసి కొనాలి. ఆర్15 వీ3 2018లో ఏబీఎస్ లేకుండానే వచ్చింది, 2019 మొదట్లో రెండు చక్రాలకూ ఏబీఎస్ ఇచ్చారు. నింజా 300కి ఇక్కడ 2018లో ఏబీఎస్ వచ్చింది. అంతకు ముందువి అది లేకుండా చాలా తిరుగుతున్నాయి. పల్సర్ ఆర్‌ఎస్ 200కి ఏళ్లపాటు ముందు చక్రానికి మాత్రమే ఏబీఎస్ ఉండేది. యాక్సిడెంట్ అయి మళ్లీ ఎక్కుతున్నవాళ్లు ఏబీఎస్ లేని బైక్‌ను చవక అని కొనడం మాకు మింగుడుపడదు.

ఇక మోడళ్ల గురించి. రోజూ ఆఫీసుకు, వారానికోసారి ఊరికి వెళ్లాలంటే ఆర్15 వీ3 (బీఎస్6, అంటే కొత్త పొగ ప్రమాణాలది) దగ్గర ఆగితే చాలు. 155 సీసీ, సుమారు 142 కిలోలు, మన జిల్లా కేంద్రాల్లో కూడా పార్ట్స్ దొరుకుతాయి, మెకానిక్‌లకు దాని లోతుపాతులు తెలుసు. వీ4లో అప్‌సైడ్ డౌన్ ఫోర్కులు వచ్చాయి. చూడటానికి బాగుంటాయి, పడితే రిపేరు ఖర్చూ పెరుగుతుంది. జిక్సర్ ఎస్‌ఎఫ్ 250కి కూలెంట్ రేడియేటర్ లేదు, ఆయిల్ కూలింగ్.  టీవీఎస్ అపాచీ ఆర్‌ఆర్ 310లో 2017-18 నాటి మొదటి బ్యాచ్ కంటే 2020 బీఎస్6 తర్వాతివి చూడండి. స్లిప్పర్ క్లచ్ (గేరు గభాల్న తగ్గించినా వెనక చక్రం జారకుండా చూసేది) వచ్చింది, వైబ్రేషన్ కూడా తగ్గింది. ఆర్‌సీ 390 వేగంగా పోతుంది. హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఏప్రిల్, మే నెలల్లో కాళ్లు కాలుస్తుంది, ఫ్యాన్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. అందుకే ఈ బైక్‌లో కూలింగ్ సిస్టమ్ మీద ఒక కన్ను ఎక్కువ వేయాలి. నింజా 300 రెండు సిలిండర్ల ఇంజిన్ గట్టిది. పార్ట్స్ ధర, డీలర్ దూరం చూసుకుని దిగండి. కర్నూలు, ఖమ్మం లాంటి చోట ఉండేవాళ్లు సర్వీస్ సెంటర్ ఎంత దూరమో ముందే కనుక్కోవాలి.

ధర గురించి ఒక మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బైక్‌ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. 350 దాటినవాటి మీద 40 శాతం అయింది. అంటే ఆర్15, ఎస్‌ఎఫ్ 250, ఆర్‌ఆర్ 310, నింజా 300 కొత్తవాటి మీద పన్ను తగ్గింది, కానీ పాతవాటికి అమ్మేవాళ్లు ఇంకా పాత ఆన్-రోడ్ ధరను గుర్తుపెట్టుకుని రేటు చెబుతుంటారు. ఇవాళ్టి ఆన్-రోడ్ ధర కాగితం మీద రాసి జేబులో పెట్టుకుని వెళ్లండి. రెండేళ్ల పాత బైక్‌కు, కొత్తదానికి తేడా 35-40 వేల లోపే అయితే కొత్తదే కొనడం మేలు.

బైక్ ముందు నిలబడినప్పుడు

పగలు, ఎండలో చూడండి. సాయంత్రం సెల్లార్‌లో ట్యూబ్‌లైట్ కింద చూసి కొన్నవాళ్లకు పెయింట్ తేడా మర్నాడు కనపడుతుంది. వెంట తీసుకెళ్లాల్సినవి: టార్చ్, టేపు, స్టీల్ స్కేలు, నాలుగు మీటర్ల గట్టి దారం, చిన్న మల్టీమీటర్. మెకానిక్ తోడుంటే మంచిదే, వెనక చక్రాన్ని లేపి బైక్‌ను నిటారుగా నిలబెట్టే ప్యాడాక్ స్టాండ్ ఉన్న షాపుకు బైక్ తీసుకెళ్లగలిగితే ఇంకా మంచిది. దానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే అక్కడితో బేరం ముగిసినట్టే.

మొదట నెక్. చాసిస్ ముందు భాగంలో హ్యాండిల్ తిరిగే గొట్టం అది. హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు, కుడికి తిప్పితే కింది టీ (ఫోర్కులను పట్టి ఉంచే బిగింపు) ఒక చిన్న దిమ్మకు తగిలి ఆగుతుంది. ఆ దిమ్మనే స్టాపర్ అంటారు. రెండు పక్కలా దాని మీద టార్చ్ వేసి చూడండి. బైక్ గట్టిగా పడినప్పుడు హ్యాండిల్ ఒక్కసారిగా చివరిదాకా తిరిగి స్టాపర్‌ను నలగ్గొడుతుంది. నొక్కుకుపోయి ఉన్నా, విరిగి వెల్డింగ్ చేసి ఉన్నా, ఆ చోట మాత్రమే కొత్త పెయింట్ ఉన్నా బైక్ ముందువైపు దెబ్బ తిన్నదని అర్థం. ఫైబర్లు ఎన్ని మార్చినా స్టాపర్‌ను ఎవరూ పట్టించుకోరు. అందుకే అది అబద్ధం చెప్పదు.

అదే చోట చాసిస్ నంబరు ఉంటుంది. అంకెలన్నీ ఒకే లోతులో, ఒకే వరసలో ఉండాలి. చుట్టూ రుద్దిన గుర్తులు, పెయింట్ మందం తేడా కనపడితే వదిలేయండి. నెక్ దగ్గర వెల్డింగులు వేలితో తడిమి చూడండి. కంపెనీ వెల్డింగు చేప పొలుసుల్లా వరసగా ఉంటుంది, గల్లీలో చేసింది ముద్దలా ఉంటుంది. కేటీఎం, ఆర్‌ఆర్ 310 లాంటి ట్రెల్లిస్ చాసిస్‌లో సన్న పైపులు కాబట్టి వంపు కంటికే కనిపిస్తుంది. ఆర్15లోని డెల్టాబాక్స్‌లో (రేకు పెట్టెలాంటి ఫ్రేమ్) అంత తేలిక కాదు, ట్యాంకు కింద నెక్ కలిసే చోట రేకు ముడత పడిందా, పెయింట్ పగిలిందా చూడాలి. కొత్త తరం ఆర్‌సీ 390లో వెనక సబ్‌ఫ్రేమ్ బోల్టులతో బిగించింది. వెనకనుంచి తగిలినా ఆ ముక్క ఒక్కటే మార్చుకోవచ్చు, అదొక సౌకర్యం.

తర్వాత ఫోర్కులు. పక్కకు కూర్చుని ఒక కన్ను మూసి, ఒక పైపు అంచును రెండో పైపు అంచుతో కలిపి చూడండి. కింద నుంచి పైదాకా రెండు గీతలూ కలిసి నడవాలి. మధ్యలో ఒకదాన్ని ఒకటి దాటితే పైపు వంగింది. సాధారణంగా వంపు కింది టీకి కొంచెం దిగువన వస్తుంది. హ్యాండిల్ కొంచెం పక్కకు ఉన్నంత మాత్రాన కంగారు పడనక్కర్లేదు. చిన్న పడిపోవడంలో ఫోర్కులు టీలో తిరిగిపోతాయి, బోల్టులు వదులు చేసి సరిచేస్తే అయిపోతుంది. ఆ పని ఇప్పుడే చేయించి చూపించమనండి. చేసినా హ్యాండిల్ వంకరగానే ఉంటే పైపులు గానీ టీ గానీ వంగినట్టే. ముందు బ్రేక్ పట్టి బైక్‌ను అటూఇటూ ఊపితే 'టక్' మని కొడితే కాన్ సెట్ (నెక్‌లోని బేరింగులు) పోయింది లేదా వదులైంది. ముందు చక్రం గాలిలోకి లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పినప్పుడు సరిగ్గా మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే బేరింగు కొట్టుకుపోయింది. ఇది పెద్ద ఖర్చు కాదు, బేరంలో వాడుకోండి.

ఇప్పుడు టేపు తీయండి. ముందు ఇరుసు మధ్య నుంచి వెనక ఇరుసు మధ్య వరకు కొలవాలి. హ్యాండిల్ నేరుగా ఉండాలి, రెండు పక్కలా కొలవాలి. ఆర్15 వీ3, వీ4కి కంపెనీ చెప్పేది 1325 మి.మీ., జిక్సర్ ఎస్‌ఎఫ్ 250కి 1345, ఆర్‌ఆర్ 310కి 1365, నింజా 300కి 1405. చైన్ బిగించే కొద్దీ వెనక చక్రం వెనక్కి జరుగుతుంది కాబట్టి కొంచెం ఎక్కువ రావచ్చు. పది మిల్లీమీటర్లకు మించి తక్కువ వస్తే మాత్రం ముందు చక్రం లోపలికి నెట్టుకుపోయింది. దానికి రెండో సాక్ష్యం రేడియేటర్ కింది భాగం, హారన్, ఫైబర్ అడుగు అంచు. అక్కడ టైరు రాసుకున్న నల్లటి మరక ఉందేమో చూడండి.

దారం పరీక్షకు పావుగంట పడుతుంది, దాన్ని మించింది లేదు. బైక్‌ను ప్యాడాక్ స్టాండ్ మీద నిటారుగా నిలబెట్టండి. వెనక టైరు చుట్టూ నేలకు ఓ జానెడు ఎత్తులో దారం వేసి, రెండు కొసలూ ముందు టైరు దాటేలా లాగి పట్టండి. దారం వెనక టైరు ముందు అంచును రెండు పక్కలా తాకీ తాకనట్టు ఉండాలి. ముందు చక్రాన్ని దారానికి సమాంతరంగా సర్ది, టైరుకు దారానికి మధ్య ఖాళీ స్కేలుతో కొలవండి. ఆర్15కు వెనక టైరు 140, ముందుది 100, తేడా 40. కాబట్టి రెండు పక్కలా సుమారు 20 మి.మీ. రావాలి. ఆర్‌ఆర్ 310, ఎస్‌ఎఫ్ 250లో వెనక 150, ముందు 110, అక్కడా అంతే. టైరు కంపెనీని బట్టి అంకె కొంచెం మారుతుంది, రెండు పక్కలా సమానంగా ఉందా అన్నదే ముఖ్యం. ఎడమ 24, కుడి 16 వచ్చిందనుకోండి. ముందు చైన్ అడ్జస్టర్ గీతలు రెండు పక్కలా ఒకేలా ఉన్నాయో లేదో చూసి, సరిచేసి మళ్లీ కొలవండి. చాలాసార్లు అక్కడే సర్దుకుంటుంది. అయినా నాలుగైదు మిల్లీమీటర్ల తేడా పోకపోతే చాసిస్, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చెయ్యి), ఫోర్కు, మూడింటిలో ఏదో వంగింది. ఏదో తేల్చే పని మీది కాదు, లేచి వచ్చేయండి.

అల్లాయ్ చక్రాలు తిప్పి చూడాలి. ఫోర్కుకు ఒక ప్లాస్టిక్ ట్యాగ్ కట్టి, కొస రిమ్ అంచుకు దగ్గరగా పెట్టి చక్రం తిప్పితే ఎక్కడ దగ్గరకు వస్తుందో, ఎక్కడ దూరమవుతుందో తెలుస్తుంది. పక్కలకైనా పైకిందులకైనా 2 మి.మీ. దాటితే చక్రం మార్చాల్సిందే. వేడిచేసి సుత్తితో బెండ్ తీయించిన అల్లాయ్ రోడ్ల మీద చాలా కనిపిస్తుంది. దానికి ఆకుల మొదళ్లలో సన్న పగులు వచ్చే అవకాశం ఎక్కువ. డిస్క్ ప్లేట్ మీద కనీస మందం అంకె చెక్కి ఉంటుంది, వెర్నియర్‌తో పోల్చుకోండి.

మిగతావి చకచకా చూడొచ్చు. బార్ ఎండ్లు, లివర్ కొసలు, ఫుట్‌రెస్ట్ చివర, సైలెన్సర్ పక్క గీతలు. ఒక్క వైపే కొత్తవి మెరుస్తుంటే ఆ వైపు పడిందన్నమాట. ఫైబర్ లోపలివైపు లాకులు విరిగి ఎం-సీల్ పెట్టారా, స్టిక్కర్ రంగు రెండు పక్కలా ఒకటేనా. ఇంజిన్ మౌంటింగ్ బోల్టుల తలల మీద పానా జారిన గుర్తులుంటే ఇంజిన్ ఒకసారి దింపారు. అదే తప్పని కాదు, ఎందుకు దింపారో బిల్లు అడగండి. వైర్ల మీద, రబ్బరు పైపుల మీద చాసిస్ రంగు చుక్కలు పడి ఉంటే అది రీపెయింట్. చక్రాల టైర్ల మీద చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం: 2319 అంటే 2019లో 23వ వారం. ఐదారేళ్లు దాటితే గాడి ఎంతున్నా మార్చాల్సిందే. చైన్‌ను వెనక స్ప్రాకెట్ వెనక అంచు దగ్గర పట్టి లాగితే సగం పన్ను బయటపడితే చైన్ కిట్ అయిపోయింది.

ఇంజిన్, కరెంటు

ఇంజిన్ చల్లగా ఉండగా మీరే స్టార్ట్ చేయాలి. చెయ్యి పెడితే వేడిగా ఉంటే 'అన్నా, రెండు గంటలు ఆగి వస్తా' అనండి. ముందే వేడి చేసి పెట్టేది స్టార్టింగ్ ప్రాబ్లం కనపడకుండా. స్టార్ట్ చేశాక నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగక, కొంచెం తియ్యటి వాసన వస్తే కూలెంట్ సిలిండర్‌లోకి వెళ్తోంది. చల్లగా ఉన్నప్పుడు మాత్రమే రేడియేటర్ మూత తీసి చూడండి. పైన నూనె తెట్టె, లేదా ఆయిల్ గాజులో పాల రంగు కనపడితే వద్దు. ఫ్యాన్ తిరిగి ఆగేదాకా ఐడిలింగ్‌లో ఉంచండి, ఐదు నుంచి పది నిమిషాలు. ముందు నుంచి దెబ్బ తగిలిన బైక్‌లలో ఫ్యాన్ మోటారు ఇరుక్కుపోయి ఉండటం, రేడియేటర్ మూలలో సన్నగా చెమ్మ ఊరడం మామూలు.

చాలా సింగిల్ సిలిండర్ బైక్‌లలో ఎడమ కవర్ వెనక స్టేటర్ (కరెంటు పుట్టించే కాయిల్), కుడి కవర్ వెనక క్లచ్ ఉంటాయి. ఎడమవైపు పడిన బైక్‌కు మల్టీమీటర్ పెట్టి చూడాలి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర, 5000 ఆర్‌పీఎం దగ్గర 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. 13 కూడా రాకపోతే స్టేటర్ గానీ ఆ కరెంటును బ్యాటరీకి సరిచేసి పంపే రెక్టిఫయర్ గానీ పోయింది.

ఏబీఎస్ లైటు తాళం తిప్పగానే వెలగాలి, బైక్ కదిలిన కాసేపటికి ఆరిపోవాలి. ఆరకపోతే సెన్సార్ లేదా రింగు దెబ్బతింది. అసలు వెలగనే వెలగకపోతే అది ఇంకా పెద్ద అనుమానం, ఎవరో లైటును తప్పించారు.

నడిపేటప్పుడు ఇన్సూరెన్స్ ఉందని తెలుసుకున్నాకే ఎక్కండి. ఖాళీగా, నేరుగా ఉన్న రోడ్డు మీద 40 స్పీడ్‌లో పట్టు కొంచెం వదులు చేయండి, చేతులు పూర్తిగా తీయకండి. బైక్ ఒక పక్కకే లాగితే దారం పరీక్ష మళ్లీ చేయాలి. ముందు బ్రేక్ మెల్లగా వేస్తే లివర్ చేతిలో కొట్టుకుంటే డిస్క్ వంగింది. స్పీడ్ తగ్గేటప్పుడు 60-40 మధ్య హ్యాండిల్ ఊగితే టైరు, కాన్ సెట్, చక్రం, ఈ వరసలో అనుమానించండి.

కాగితాలు

ఆర్‌సీలోని చాసిస్, ఇంజిన్ నంబర్లు బైక్ మీది అంకెలతో ఒక్కొక్కటిగా సరిచూడండి. రవాణా శాఖ సైట్‌లో గానీ ఎం-పరివాహన్‌లో గానీ నంబరు కొట్టి ఓనర్ పేరు, ఫైనాన్స్, ఇన్సూరెన్స్ గడువు చూడండి. చలాన్లు వేరే చూడాలి. తెలంగాణలో 2024 మార్చి నుంచి టీజీ, అంతకు ముందు టీఎస్. ఆంధ్రలో 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే కోడ్ వచ్చింది కాబట్టి నంబరు చూసి బండి ఏ జిల్లాదో చెప్పలేం. ఆర్‌సీ మీద చిరునామా చూడండి.

తక్కువ మంది చూసే కాగితం ఒకటుంది, పాత పాలసీ. అందులో నో క్లెయిమ్ బోనస్ శాతం చూడండి. ఒకే ఓనర్ దగ్గర మూడేళ్లున్న బైక్‌కు వరసగా రెన్యువల్ చేస్తూ క్లెయిమ్ లేకపోతే బోనస్ 20, 25, 35 అని పెరుగుతూ రావాలి. మధ్యలో సున్నాకు పడితే ఆ ముందు ఏడాది క్లెయిమ్ జరిగింది. చిన్న గీతకు పెట్టారా, పెద్ద దెబ్బకా అన్నది క్లెయిమ్ బిల్లు చెబుతుంది. ఒక జాగ్రత్త, బోనస్ మనిషికి సంబంధించింది, బైక్‌కు కాదు. ఓనర్ మారితే కొత్తవారికి సున్నా నుంచే మొదలవుతుంది. అలాంటప్పుడు సున్నా చూసి నిందించకండి. మీ పాత బైక్ మీది బోనస్ కూడా మీదే. ఈసారి సొంత నష్టానికి క్లెయిమ్ పెట్టకుండా అమ్మేసినవారైతే కంపెనీ నుంచి బోనస్ లెటర్ తీసుకుని మూడేళ్ల లోపు కొత్త బైక్‌కు వాడుకోవచ్చు.

అధీకృత సర్వీస్ సెంటర్‌లో ఓనర్‌ను వెంటబెట్టుకుని సర్వీస్ హిస్టరీ అడగండి. యాక్సిడెంట్ జాబ్ కార్డు ఉంటే అక్కడ పడి ఉంటుంది. కిలోమీటర్లు ప్రతి బిల్లులో పెరుగుతూ రావాలి. 21,000 తర్వాత 14,000 కనపడితే మీటరు తిప్పారు.

బెంగళూరు బైక్ చవకని తెచ్చేవాళ్లు అక్కడి ఆర్టీఏ ఇచ్చే ఫారం 28 ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్లీ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపి లెక్కేసుకోండి. చాలాసార్లు చవకతనం అక్కడే ఆవిరైపోతుంది. వేరే రాష్ట్రం బండి ఇక్కడ ఏడాది దాటి తిరిగితే రీరిజిస్ట్రేషన్ తప్పదు. ఫైనాన్స్ ఉన్నదైతే బ్యాంకు ఎన్‌ఓసీ, లోన్ తీరిందని చెప్పే ఫారం 35 చేతికొచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి. అడ్వాన్స్ ఐదు వేలు చాలు, దానికీ రసీదు రాయించుకోండి. ఆటో కన్సల్టెన్సీలో కొంటే ట్రాన్స్‌ఫర్ వాళ్లు చేస్తామంటారు. డబ్బులో కొంత ఆర్‌సీ మీ పేరు మీదకు వచ్చాకే ఇస్తామని ముందే మాట్లాడుకోండి. పేరు మార్చుకున్నాక 14 రోజుల్లో ఇన్సూరెన్స్ కంపెనీకీ రాయాలి. లేకపోతే ఎదుటివారికి జరిగిన నష్టానికే పాలసీ పనిచేస్తుంది, మీ బైక్‌కు జరిగిన నష్టానికి కాదు.

కొన్నాక మొదటి వారం

బేరం అయ్యాక చేతిలో కొంత మిగుల్చుకోండి. ఆర్15 లాంటి బైక్‌కు టైర్ల జత, చైన్ కిట్, ప్యాడ్లు, ఆయిళ్లు కలిపి సుమారు 12-15 వేలు, 390కి 20 వేలు దాటుతుంది. ఓనర్ ఎంత మంచివాడైనా ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్, కూలెంట్, బ్రేక్ ఆయిల్ (డాట్ 4) మార్చేయండి. ఇంజిన్ ఆయిల్ మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయాలి, డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (బైక్ క్లచ్‌కు సరిపోయే ఆయిల్‌కు ఇచ్చే గుర్తు) అని ఉండాలి. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. ఫోర్క్ ఆయిల్ సీళ్లు తడిగా ఉంటే ఈ వారంలోనే మార్పించండి, ఆ నూనె కారి ముందు బ్రేక్ ప్యాడ్ల మీద పడితే ప్యాడ్లు కూడా పోతాయి.

యాక్సిడెంట్‌లో నేలకు తగిలిన హెల్మెట్ ఇక వాడొద్దు, పైకి గీత కూడా కనపడకపోయినా. లోపలి థర్మకోల్ ఒకసారి నలిగితే మళ్లీ లేవదు. కొత్తది ఐఎస్‌ఐ ముద్ర, ఐఎస్ 4151 అంకె చూసి తీసుకోండి. 500 కిలోమీటర్లు తిరిగాక కాన్ సెట్, ఇరుసుల నట్లు, ఫోర్కు క్లాంప్ బోల్టులు టార్క్ రెంచ్‌తో మాన్యువల్ అంకెలకు సరిచూపించి, దారం పరీక్ష ఇంకోసారి చేయండి. మొదటిసారి రాసుకున్న అంకెలతో పోల్చి, అప్పటి కంటే తేడా పెరిగిందేమో చూడండి.